గుర్తూ గుట్టూ



మే నెలలో మా ముసునూరు వైపు వచ్చేవాళ్ళకు ఊరు కంటికంటే ముందు ముక్కుకు తగులుతుంది. రోడ్డు వారన ట్రేలలో బంగినపల్లి, పాకల్లో గడ్డి పరిచి మాగేసిన చిన్న రసాలు, గుజ్జు ఫ్యాక్టరీకి లారీ ఎక్కుతున్న కలెక్టరు కాయ. తోతాపురిని మేం కలెక్టరు అంటాం. ఏ దొరగారి పేరు మీద వచ్చిందో గాని, అన్ని కాయల్లోకీ గట్టిది అదే.

అలాంటి ఒక మే నెల మధ్యాహ్నం మా వీధి చివర కిరాణా కొట్లో ఉన్నాను. ఆ కొట్టాయనే బ్యాంకు మిత్ర కూడా. పప్పులు తూచే కాటా పక్కన వేలిముద్ర మిషను పెట్టుకుని డబ్బులు తీసి ఇస్తుంటాడు. కోతలకొచ్చిన ముఠాలోంచి ఒకావిడ వచ్చింది, యాభై ఏళ్ళుంటాయేమో. ఆధార్ నంబరు చెప్పి, వేలు పెట్టింది. పడలేదు. చీర చెంగుకు తుడుచుకుని మళ్ళీ పెట్టింది. పడలేదు. రెండో చేయి, చూపుడువేలు, ఉంగరపువేలు అన్నీ అయ్యాయి. "ముద్ర పడటం లేదక్కా, రేపు సబ్బుతో కడుక్కుని రా" అన్నాడు అతను. ఆవిడ ఒక క్షణం మిషను వంక చూసి, "డబ్బులు నావి, వేలు నాది. మజ్జన దీనికేం రోగం బాబూ?" అంది.

నేను బ్యాంకులో ముప్ఫై ఏళ్ళకు పైగా కౌంటరు వెనక కూర్చుని రిటైరైనవాణ్ణి. ఆవిడ అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇవాళ ఈ కాసేపట్లో చెప్పే ప్రయత్నం చేస్తాను.

ముందు ఆ వేలి సంగతి. చెట్టు కింద కూర్చుని కాయకు తొడిమ తుంచితే సొన చిమ్ముతుంది. మామిడిదీ జీడిమామిడిదీ ఒకే కుటుంబం. ఆ సొన పడ్డచోట తోలు కాలి నల్లబడుతుంది, నాలుగు రోజులకు పొర లేస్తుంది. సీజన్లో రోజుకు కొన్ని వందల కాయలకు తొడిమ తుంచే చేతికి గీతలెక్కడ మిగులుతాయి? మిషను చూసేది ఆ గీతలనే. గీత ఎక్కడ ఆగింది, ఎక్కడ రెండుగా చీలింది అన్న చుక్కలు గుర్తు పెట్టుకుని, మొదట ఆధార్‌లో ఇచ్చిన ముద్రలోని చుక్కలతో పోల్చుతుంది. చుక్కలు చాలినన్ని కలవకపోతే మనిషి ఎదురుగా నిలబడి ఉన్నా లేనట్టే లెక్క.

బ్యాంకు కౌంటరు దగ్గర ఎప్పుడూ రెండే అనుమానాలు. తెచ్చిన కాగితం నిజమైందేనా? తెచ్చిన మనిషి ఆ మనిషేనా? ఈ రెండూ ఒకటే అనుకుంటాం గాని కావు. మొదటిదానికి మనవాళ్ళు చాలా కాలం కిందటే మంచి జవాబు కనిపెట్టారు.

మా ఊరి పేరు వినగానే చరిత్ర చదివినవాళ్ళకు ముసునూరి నాయకులు గుర్తొస్తారు. ఆ ఇంటిపేరు మా ఊరి నుంచి వెళ్ళిందేనని మావాళ్ళ మాట. 1323లో ఓరుగల్లు పడిపోయాక నాయకులను కూడగట్టిన ప్రోలయ నాయకుడు, కోనసీమలో విలస అనే ఊరిని ఒక పండితుడికి దానమిస్తూ రాగి రేకుల మీద శాసనం రాయించాడు. ఆ రేకులు దొరికాయి. నేలటూరి వెంకటరమణయ్య, మల్లంపల్లి సోమశేఖర శర్మ గార్లు వాటిని చదివి ప్రకటించారు. ఓరుగల్లు పతనం తరవాత దేశం పడ్డ పాట్లు ఏమిటో చెప్పే సాక్ష్యాల్లో అది ముఖ్యమైంది. నాకు మాత్రం బ్యాంకు బుద్ధి గనక, శాసనంలో రాసిందానికంటే దాన్ని కట్టిన తీరు మీద ధ్యాస ఎక్కువ.

రాగి శాసనం సాధారణంగా ఎలా ఉంటుందంటే, రేకులన్నిటికీ ఒక బెజ్జం వేసి, అందులోంచి లావుపాటి రాగి కడియం దూరుస్తారు. కడియం రెండు కొసలూ ఒక ముద్రలో అతికించేస్తారు. పెదవేగి మాకు దగ్గరే కదా, అక్కడి వేంగీ చాళుక్యుల ముద్రలు చూడండి. వరాహం, చంద్రవంక, అంకుశం, మధ్యన 'శ్రీ త్రిభువనాంకుశ' అన్న అక్షరాలు. అదనంగా ఒక రేకు చేర్చి ఇంకో పదెకరాలు కలుపుకుందామంటే కడియం కొయ్యాలి. కోస్తే తెలిసిపోతుంది. మొదటి రేకు పైవైపు, చివరి రేకు అడుగువైపు తరచుగా ఖాళీగా వదిలేసేవారు, రాత అరిగిపోకుండా. ఈ కాలపు హోలోగ్రామూ సీలూ చేసే పని ఆ కడియమూ ముద్రా చేసేవి.

అయినా దొంగలు ఊరుకున్నారా? మనుధర్మశాస్త్రంలోనే దొంగ రాజశాసనం పుట్టించేవాడికి మరణశిక్ష రాసి ఉంది. హర్షవర్ధనుడి మధుబన్ తామ్రశాసనం 631 నాటిది. అందులో వామరథ్యుడనే ఆయన కూటశాసనంతో, అంటే దొంగ రేకుతో, ఒక గ్రామం అనుభవిస్తున్నాడని తెలిసి, ఆ రేకును విరగగొట్టించి, గ్రామం వేరేవాళ్ళకు ఇచ్చినట్టు ఉంది. పద్నాలుగు వందల ఏళ్ళ కిందట రద్దయిన నకిలీ కార్డు అది. శాసనాలు చదివే పండితులకు ఇప్పటికీ ఒక రేకు చేతికొస్తే ముందు అనుమానం, ఇది అసలా కూటమా అనే.

రేకు తాను అసలుదని చెబుతుంది గాని, పట్టుకొచ్చినవాడు ఫలానావాడే అని చెప్పదు. ఆ పని ఊరు చేసేది. ఫలానా వారి మూడో అబ్బాయి, ఫలానా వీధి, ఎడమకాలు కొంచెం ఎగరేస్తాడు. అందరూ అందరికీ తెలిసినచోట గుర్తింపు కార్డు ఎవరికి కావాలి? కొత్తవాడికి కావాలి. సరిగ్గా అలాంటి కొత్తవాడే బెంగాల్లో జంగీపూర్‌లో ఉద్యోగం చేసిన విలియం హెర్షెల్. 1858లో రోడ్డు వేయడానికి కంకర తోలే కాంట్రాక్టు రాజ్యధర్ కోనాయ్ అనే ఆయనకు ఇచ్చాడు. రేపు ఈయన 'సంతకం నాది కాదు' అంటే? కాగితం వెనక ఆయన అరచేయంతా సిరా పూసి అద్దించాడు. అందులో శాస్త్రమేం లేదు, ఒట్టి బెదిరింపు. కానీ ఆ ముద్రల్ని దాచుకుంటూ, చూసుకుంటూ పోయాక అతనికి ఏళ్ళు గడిచినా గీతలు మారవని అర్థమైంది. 1877 నాటికి హుగ్లీలో పింఛన్ల దగ్గరా రిజిస్ట్రేషన్ల దగ్గరా వేలిముద్రలు తీసుకున్నాడు. చచ్చిపోయినవాళ్ళ పేరున పింఛను తినేవాళ్ళను ఆపడం అతని ఉద్దేశాల్లో ఒకటి. ఒకటో తారీఖున మన సచివాలయం వాళ్ళు ఇంటింటికీ మిషను పట్టుకు తిరగడం చూస్తే నాకు హెర్షెలే కనిపిస్తాడు.

ఆ తరవాత 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం పెట్టారు. వేల కాగితాల్లోంచి ఒక ముద్రను వెతికి పట్టుకునే పద్ధతి ఎడ్వర్డ్ హెన్రీ పేరు మీద ప్రపంచమంతా తిరిగింది గాని, దాని లెక్క కట్టడంలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు మనవాళ్ళ కష్టం ఉంది. పేరు దొరది, పని మనది. ఆ కాలానికి అది మామూలే.

మా ఇంట్లో ట్రంకు పెట్టెలో 1956 నాటి దస్తావేజు ఒకటుంది. తోట తాలూకు కాగితం. చివర మా నాయనమ్మ నిశానీ. చదువు రాదు గనక చేవ్రాలు లేదు, బొటనవేలి ముద్రే. భూతద్దం పెట్టి చూస్తే ఆ గీతల మధ్య నుంచి అడ్డంగా ఒక తెల్లని దారి కనిపిస్తుంది. ఆవకాయకు ముక్కలు కొడుతుంటే కత్తిపీట జారి తెగిన మచ్చ. మా ఇంట్లో ఆ ముద్రను ఎవరూ చుక్కలు లెక్కపెట్టి పోల్చరు. ఆ మచ్చ చూసి 'నాయనమ్మ' అంటారు.

ఇక్కడ ఒక మాట. తెలుగులో రెండు మాటలు పక్కపక్కనే ఉన్నాయి, గుర్తు, గుట్టు. గుర్తు నలుగురికీ తెలియడానికి. గుట్టు ఎవరికీ తెలియకుండా ఉండడానికి. పేరు గుర్తు. ఇంటిపేరు గుర్తు. మొహం గుర్తు. బొటనవేలి ముద్ర కూడా గుర్తే, గ్లాసు మీదా, తలుపు గడియ మీదా, తెంపిన ప్రతి కాయ మీదా వదిలేసి పోతాం. ఏటీఎం పిన్ను గుట్టు. డబ్బు కార్డుల చరిత్రంతా, గుర్తింపు కార్డుల చరిత్రంతా, ఈ రెంటినీ కలగాపులగం చేసి దెబ్బతినడం, మళ్ళీ విడదీసి బాగుపడడం. నాకు ముప్ఫై ఏళ్ళలో అర్థమైంది ఇంతే.

మొదటి కార్డులు చూడండి. వెనకవైపు నల్లటి పట్టీ ఉంటుంది కదా, అది మన టేపు రికార్డరు క్యాసెట్లోని రిబ్బను లాంటిదే. 1960లలో ఐబీఎం ఇంజనీరు ఫారెస్ట్ ప్యారీ దాన్ని ప్లాస్టిక్ కార్డుకు అతికించలేక అవస్థ పడుతున్నాడట. జిగురు పెడితే రిబ్బను ముడతలు పడుతోంది. ఇంటికొస్తే భార్య బట్టలు ఇస్త్రీ చేస్తోంది. సంగతి విని, 'ఇస్త్రీ పెట్టెతో అంటించు' అందట. అంటుకుంది. పిన్ను కథలోనూ ఒక ఇల్లాలుంది. 1967లో లండన్ దగ్గర ఎన్‌ఫీల్డ్‌లో బార్‌క్లేస్ బ్యాంకు పెట్టిన డబ్బుల మిషను తయారుచేసిన జాన్ షెపర్డ్ బారన్ మన షిల్లాంగ్‌లో పుట్టినవాడు. పిన్ను ఆరంకెలు పెడదామనుకున్నాననీ, వంటింట్లో బల్ల దగ్గర భార్య 'నాకు నాలుగే గుర్తుంటాయి' అనడంతో నాలుగయ్యాయనీ ఆయనే చెప్పుకున్నాడు. పిన్ను నేనే ముందు కనిపెట్టానన్నవాళ్ళు వేరే ఉన్నారు, ఆ తగవు మనకెందుకు.

ఆ నల్ల పట్టీలో రాసింది ఎప్పుడూ ఒకటే. ఎవరు చదివినా అదే చెబుతుంది. మిషను మూతికి దొంగ చదివేది ఒకటి తగిలించి, పైన ఒక చిన్న కెమెరా పెడితే పట్టీ నకలూ పిన్నూ రెండూ చేతికొస్తాయి. పాత పాటను ఇంకో క్యాసెట్టులోకి ఎక్కించుకున్నంత తేలిక. 2016 అక్టోబరులో మన దేశంలో ఒక్కసారిగా 32 లక్షల డెబిట్ కార్డుల సమాచారం బయటికి పోయిందని తేలినప్పుడు, కౌంటరు దగ్గర నిలబడ్డ జనానికి సమాధానం చెప్పలేక మా గొంతులు పోయాయి. చిప్పు కార్డులకు మారమని రిజర్వు బ్యాంకు అప్పటికే చెప్పి ఉంది. 2018 డిసెంబరు 31 గడువు పెట్టింది. పాత కార్డు పనిచేస్తుంటే కొత్తదెందుకని మా రైతులు నన్ను తిట్టిన తిట్లు ఇంకా చెవుల్లో ఉన్నాయి.

చిప్పు ఎందుకు మెరుగో చెప్పాలంటే పశువుల సంతకు పోవాలి. ఎద్దుల బేరంలో కొనేవాడూ అమ్మేవాడూ తుండుగుడ్డ కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు. చుట్టూ యాభైమంది నిలబడి ఉంటారు. అందరికీ తువ్వాలు కనిపిస్తుంది, ధర కనిపించదు. ఒకవేళ ఎవడన్నా పసిగట్టినా, వచ్చే సంతలో ఎద్దు వేరు, ధర వేరు. చిప్పు చేసేది అదే. దాని లోపల ఒక తాళంచెవి ఉంటుంది. అది ఎప్పుడూ బయటికి రాదు. దానికి జోడీ బ్యాంకు దగ్గర ఉంటుంది. స్వైపింగ్ మిషను ప్రతిసారీ ఒక కొత్త అంకె ఇస్తుంది. చిప్పు ఆ అంకెనూ, సొమ్మునూ, తారీఖునూ, ఇది ఎన్నో లావాదేవీయో ఆ లెక్కనూ తన తాళంచెవితో కలిపి ఒక జవాబు ఇస్తుంది. బ్యాంకు కూడా అదే లెక్క కట్టి చూస్తుంది. రెండూ కలిస్తే సరే. దారిలో ఆ జవాబు విన్నవాడికి రేపు అది పనికిరాదు. అంటే గుట్టు చెప్పకుండానే, గుట్టు నాకు తెలుసని రుజువు చేయడం. చాలా గడుసైన ఆలోచన ఇది. బుర్ర ఉన్న కార్డుకు ఫ్రాన్సులో రోలాండ్ మోరెనో 1974లోనే పేటెంటు రాసుకున్నాడు. మన సంచుల్లోకి రావడానికి నలభై ఏళ్ళు పట్టింది.

ఇక్కడ హైదరాబాదు ప్రస్తావన తేకపోతే తప్పవుతుంది. మాసబ్‌ట్యాంక్‌లో రిజర్వు బ్యాంకు 1996లో ఒక పరిశోధన సంస్థ పెట్టింది, ఐడీఆర్‌బీటీ అంటారు. ఒక బ్యాంకు కార్డు ఇంకో బ్యాంకు ఏటీఎంలో పనిచేయడానికి కావలసిన జాతీయ స్విచ్చిని 2004లో నడపడం మొదలుపెట్టింది వాళ్ళే. 2009 చివర్లో దాన్ని నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ చేతిలో పెట్టారు. అంతకుముందు మా ఊరివాడు నూజివీడులో ఏటీఎం ముందు నిలబడి 'ఇది నా బ్యాంకుదేనా' అని బోర్డు చదువుకోవాల్సి వచ్చేది. ఆ కార్పొరేషనే 2012లో రూపే కార్డు తెచ్చింది. ఇప్పుడు రైతుల కిసాన్ క్రెడిట్ కార్డుల మీద ఉన్న ముద్ర అదే.

ఇంటర్నెట్‌లో కొనేటప్పుడు చిప్పు ఉన్నా పెట్టడానికి చోటుండదు. అందుకే 2009 ఆగస్టు నుంచి మన దేశంలో కార్డు అంకెలతో పాటు ఇంకో రుజువు కూడా ఉండాలన్నారు. ఓటీపీ ఇంటింటికీ తెలిసింది అలాగే. 2022 అక్టోబరు నుంచి దుకాణదారులు మన కార్డు అంకెలు దాచుకోకుండా, వాటి బదులు వేరే అంకెలు వాడాలని నియమం పెట్టారు. బయటి దేశాల్లో చాలా చోట్ల ఇంత పట్టుదల లేదు. ఈ విషయంలో మన రిజర్వు బ్యాంకుకు దండం పెట్టొచ్చు. దొంగలకు ఇప్పుడు కార్డుతో పని తగ్గింది, మన నోటితోనే పని. ఫోను చేసి 'బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం' అంటారు. అలాంటి ఫోను నాకూ వచ్చింది. బ్యాంకులో పనిచేసినవాణ్ణేనయ్యా అంటే, 'అయితే మీకు తొందరగా అర్థమవుతుంది సార్' అన్నాడు. వాడి ఓపికకు ముచ్చటేసింది. మీ ప్రమేయం, బ్యాంకు ప్రమేయం ఏమీ లేకుండా డబ్బు పోతే మూడు పని దినాల్లో బ్యాంకుకు తెలియజేస్తే నష్టం మీది కాదని 2017లో రిజర్వు బ్యాంకు రాసింది. ఓటీపీ మీరే చెప్పి ఉంటే ఆ రక్షణ నిలవదు, ఫిర్యాదు చేసేదాకా పోయింది మీ ఖాతాలోదే. చెప్పేశామని తెలిసినా ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి.

ఇక మన కోతల ఆవిడ దగ్గరికి వద్దాం. ఆవిడ దగ్గర కార్డు లేదు, పిన్ను లేదు. బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలు. ఈ మూడే. ఒక్కసారికి 10,000 రూపాయల దాకా తీసుకోవచ్చు. పట్నం పోనక్కర్లేదు, బస్సు చార్జీ లేదు, ఫారం నింపిపెట్టమని ఎవర్నీ బతిమాలే పని లేదు. చదువు రానివాళ్ళకు ఇది పెద్ద మేలు, కాదనను. అయితే ఈ మూడిట్లో గుట్టు ఏది? ఒక్కటీ లేదు. ఆధార్ నంబరు లాడ్జీ వాడి దగ్గరా, సిమ్ముల కొట్లోనూ, జిరాక్సు షాపు చెత్తబుట్టలోనూ ఉంది. ఆ పన్నెండంకెల్లో చివరిది కాపలా అంకె, నిజమే. డచ్చి గణిత పండితుడు వెర్‌హోఫ్ 1969లో కట్టిన లెక్క అది. పక్కపక్కనున్న రెండంకెలు తారుమారు చేసి చెబితే పట్టేస్తుంది. కానీ అది తప్పులు పట్టే కాపలా, దొంగల్ని కాదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. పిన్ను సరిపోతుంది, లేదా సరిపోదు. మధ్యరకం లేదు. వేలు అలా కాదు, ఒకే వేలు రెండుసార్లు పెడితే రెండు ముద్రలూ అచ్చంగా ఒకటి కావు. నొక్కుడు మారుతుంది, తడి మారుతుంది. అందుకని మిషను 'ఇంతవరకు కలిస్తే చాలు' అని ఒక హద్దు పెట్టుకుంటుంది. దొడ్డి గేటు లాంటిదే. వెడల్పు చేస్తే పక్కవాడి గేదె కూడా దూరుతుంది, ఇరుకు చేస్తే మన గేదే బయట నిలబడి అరుస్తుంది. ఆ మధ్యాహ్నం కొట్లో జరిగింది రెండోది.

మొదటిది ఎలా జరుగుతుందో కూడా మన తెలుగు నేల మీదే చూశాం. 2018లో తెలంగాణలో సిమ్ కార్డులు అమ్మే ఒకతను, అమ్మకాల టార్గెట్టు చేరడం కోసం, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో ఉన్న భూముల దస్తావేజులు దించుకున్నాడు. వాటి మీద వేలిముద్రలున్నాయి, ఆధార్ నంబర్లూ ఉన్నాయి. రబ్బరు స్టాంపులు చేసే మిషనుతో ఆ ముద్రలను రబ్బరు మీదకు ఎక్కించి, వేల సిమ్ములు యాక్టివేట్ చేశాడు. అమ్మినవాళ్ళకూ కొన్నవాళ్ళకూ తెలియనే తెలియదు. ఇతను సిమ్ములతో ఆగాడు. 2022లో సైబరాబాద్ పోలీసులకు చిక్కిన ముఠా మన ఆంధ్రప్రదేశ్ దస్తావేజుల మీది ముద్రలతో ఖాతాల్లో డబ్బే తీసింది.

దీన్ని దొంగల తెలివి అనబుద్ధి కాదు నాకు. జపాన్‌లో యోకొహామా విశ్వవిద్యాలయంలో మత్సుమోతో అనే ఆచార్యుడు 2002లోనే మిఠాయిల్లో వాడే జెలటిన్‌తో వేళ్ళు పోతపోసి, అప్పటి పదకొండు రకాల మిషన్లను ఏమార్చి చూపించాడు. అంటే లోకానికి ముందే తెలుసు. అసలు తప్పు ఎక్కడంటే, దస్తావేజు మీద వేలిముద్ర వేసేది నలుగురూ చూడటానికి. అది గుర్తు. రేపు కోర్టులో 'ఇది నా ముద్రే' అని ఒప్పించడానికి. ఆ గుర్తునే తీసుకెళ్ళి ఖాతాకు తాళంచెవి చేశారు. ఇంటి తాళంచెవి బొమ్మను గుమ్మానికి అంటించినట్టయింది. పైగా పిన్ను గుట్టు రట్టయితే పది నిమిషాల్లో మార్చుకోవచ్చు. వేళ్ళు పదే ఇచ్చాడు దేవుడు.

తరవాత దిద్దుబాట్లు జరిగాయి. దస్తావేజుల నకళ్ళలో వేలిముద్రలు కనబడకుండా చేయమని రాష్ట్రాలకు చెప్పారు. 2023లో ఆధార్ సంస్థ, పెట్టింది బతికున్న వేలా రబ్బరా అని చూసే పద్ధతిని తెచ్చింది. గీతల చుక్కలతో పాటు వేలి చిత్రాన్ని కూడా పరీక్షిస్తుంది. కొత్త మిషన్లలో రహస్య లెక్క మిషను లోపలే జరుగుతుంది, మధ్యలో పట్టుకోవడానికి దారి ఉండదు. వేలిముద్రకు తాళం వేసుకునే వీలు కూడా ఉంది. ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ అని ఉంటుంది. వేసుకుంటే మీ వేలైనా పనిచేయదు, డబ్బు కావలసినప్పుడు తీసి మళ్ళీ వేసుకోవాలి. నేను వేసుకున్నాను. మా కొట్టు దగ్గరకొచ్చే ఆవిడకు ఆ సంగతి ఎలా చెప్పను? ఆవిడకు యాప్ ఉన్న ఫోను లేదు. ఎవరికి తాళం అవసరమో వాళ్ళకే తాళం వేయడం కుదరదు. దీనికి నా దగ్గర జవాబు లేదు.

గుర్తింపు కార్డుల వైపు చూస్తే మాత్రం నాకు ధైర్యం వస్తుంది. ఆధార్ కార్డు మీది క్యూఆర్ చతురస్రాన్ని మనం అలంకారం అనుకుంటాం. కార్డులో అసలు విలువైనది అదే. అందులో మీ వివరాలూ ఫొటోతో పాటు ఆధార్ సంస్థ చేసిన డిజిటల్ సంతకం ఉంటుంది. ఆ సంతకం పెట్టే తాళంచెవి వాళ్ళ దగ్గర ఒక్కటే, సరిచూసే తాళంచెవి లోకమంతా ఉంది. త్రిభువనాంకుశ ముద్ర పద్ధతే మళ్ళీ వచ్చింది. ముద్రించేవాడు ఒక్కడు, పోల్చుకునేవాళ్ళు వేలమంది. కార్డు మీద పేరు చెరిపి వేరే పేరు అచ్చువేయడం జిరాక్సు షాపు కుర్రాడికి చేతనవుతుంది. క్యూఆర్‌లో ఒక్క అక్షరం మారిస్తే సంతకం కలవదు. 2020లో 50 రూపాయలకు మొదలుపెట్టిన ప్లాస్టిక్ ఆధార్ కార్డు మీద హోలోగ్రాము, భూతద్దం పెడితే కనిపించే చిన్నక్షరాలు, మీ ఫొటోకు నీడలా ఇంకో మసక ఫొటో, అల్లిక గీతలు అన్నీ ఉన్నాయి. అవన్నీ కంటితో చూసేవాళ్ళ కోసం. మన దగ్గర ఎవరూ చూడరు, జిరాక్సు అడుగుతారు. ఎంత హోలోగ్రామైనా జిరాక్సులో నల్లటి మరకే. 1400 ఏళ్ళ కిందటి అధికారి కడియం తెగిందా అని తిప్పి చూసి ఉంటాడు. ఇవాళ్టి అధికారి జిరాక్సు మీద 'ఒరిజినల్‌తో సరిచూశాను' అని రాసేస్తాడు, ఒరిజినల్ అడగకుండానే.

అన్నట్టు, మా ముసునూరు వాళ్ళ కార్డుల్లో చాలావాటి మీద ఇంకా కృష్ణా జిల్లా అనే ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న మేం ఏలూరు జిల్లాలోకి వెళ్ళాం. ఒక పనిమీద వెళ్ళిన ఆఫీసులో నా కార్డు చూసి, 'చిరునామా తప్పుందండీ' అన్నాడు గుమాస్తా. తప్పు కాదు బాబూ, ఇల్లు అక్కడే ఉంది, జిల్లాయే జరిగింది అన్నాను. క్యూఆర్ సంతకం చక్కగా కలిసింది, అంటే ఆ పాత చిరునామా నిఖార్సైన పాత చిరునామా అని రుజువైంది. ముద్ర చెప్పేది ఇంతవరకే, ఇది మేం రాసి ఇచ్చిందే అని. రాసింది ఇప్పటికీ నిజమా అన్నది దానికి తెలియదు.

కోతల ఆవిడ తరవాత ఏమైందో చెప్పి ముగిస్తాను. మర్నాడు సబ్బుతో కడుక్కుని వచ్చింది. పడలేదు. సచివాలయంలో కంటిపాప చూసే మిషను ఉంది కదా, అక్కడికి వెళ్ళమన్నాను. అది పింఛన్లకేనట, ఉపాధి కూలి డబ్బుకు కాదట. చివరికి పాస్‌బుక్కు పట్టుకుని బ్యాంకుకే వెళ్ళి, ఫారం నాచేత నింపించుకుని, ముద్ర వేసి డబ్బు తీసుకుంది. సిరా అద్దిన బొటనవేలు కాగితం మీద నల్లటి బొట్టులా పడింది, ఒక్క గీత లేదు. కౌంటరులో కూర్చున్న అమ్మాయి ఆవిడ మొహం చూసి, పాస్‌బుక్కు ఫొటో చూసి, ఇచ్చేసింది.

పై పొర కాలితే గీతలు పోతాయి గాని, వాటి నమూనా కింది పొరలో ఉంటుంది. కొత్త తోలు వచ్చేటప్పుడు అవే గీతలు అదే వరసలో మళ్ళీ లేస్తాయి. మా నాయనమ్మ వేలి మీద కత్తిపీట లోతుగా దిగింది గనక అది మచ్చగా మిగిలింది. సొన అంత లోతుకు పోలేదు. కోతలైపోయి, మృగశిర కార్తె వెళ్ళి, ఆరుద్ర వానలు పడ్డాక ఆవిడ మళ్ళీ కొట్టు దగ్గరికి వచ్చింది. వేలు పెట్టింది. మొదటిసారికే పడింది. కొట్టాయన నోట్లు లెక్కపెడుతుంటే ఆవిడ బొటనవేలిని అటూ ఇటూ తిప్పి చూసుకుని నాతో అంది, "ఇయ్యాళ నేను నేనేనంట బాబూ."